మృత్యువాత, లచ్చమ్మ, కయ్య: తిక్కన మాటలపై అల్లూరు ఉత్తరాలు

సందేహాలు – సమాధానాలు

విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయని మన పల్లెల్లో పాత నమ్మకం. అల్లూరు చుట్టుపక్కల ఈసారి గుళ్లో చదివించారట. వాన సంగతి ఎవరూ రాయలేదు గానీ, పురాణం చెప్పినవాళ్లూ, విన్నవాళ్లూ, స్తంభానికి ఆనుకుని కునికిపాట్లు పడ్డవాళ్లూ అందరూ దాన్ని తెలుగు చేసిన తిక్కన మాటల మీద ఉత్తరాలు రాశారు. తిక్కన 13వ శతాబ్దంలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న నెల్లూరు వీళ్లకు పెద్ద దూరమేమీ కాదు. అందుకే కాబోలు, ఉత్తరాల్లో కాస్త సొంత మనిషి మీద చూపే చొరవ కనిపించింది. కొన్నిటికి సమాధానం కాస్త సాగింది, కొన్నిటికి రెండు మాటలతో సరిపోయింది.

*పేపర్లో రోజూ "ప్రమాదంలో ముగ్గురు మృత్యువాత" అని చదువుతుంటాం. వాత అంటే కాల్చి పెట్టేది కదా. మా చిన్నప్పుడు పసిపిల్లలకు జబ్బు చేస్తే వాతలు పెట్టేవాళ్లు. మృత్యువు వాత పెట్టడం ఏంది సార్? పురాణం చెప్పే పంతులుగారు వాత అంటే నోట అంటున్నారు. నిజమేనా?*
– రిటైరైన ఉద్యోగి, అల్లూరు

పంతులుగారిదే సరైన మాట. పాత తెలుగులో 'వాయి' అంటే నోరు. నోరు 'నోట' అయినట్టే వాయి 'వాత' అవుతుంది. పులివాత పడ్డాడంటే పులి నోట పడ్డాడని. మృత్యువాత కూడా అంతే, మృత్యువు నోట పడటం. కాల్చి పెట్టే వాత వేరే మాట. కీళ్లు పట్టేసే వాతం మూడోది, అది సంస్కృతం, గాలి అని దాని అర్థం. ఒకే రోజు పేపర్లో మొదటి పేజీలో "కరెంటు చార్జీల వాత", లోపలి పేజీలో "మృత్యువాత" కనిపిస్తాయి. మొదటిది కాల్చేది, రెండోది మింగేది.

వాయి ఇప్పుడు ఒంటరిగా నోరు అనే అర్థంలో వినబడదు. వేరే మాటలతో జతకట్టి బతికింది. కావ్యాల్లో పెదవిని 'వాతెఱ' అంటారు: వాయికి తెర. చెప్పడాన్ని 'వాక్రుచ్చు' అంటారు. అన్నిటికన్నా దగ్గరిది మన 'వాకిలి'. తమిళులు వాయిల్ అంటారు, వాసల్ అని కూడా అంటారు. కన్నడిగులు బాగిలు అంటారు. వాయి, ఇల్లు అనే రెండు మాటలు కలిసి అయిందది. ఇంటికి నోరు వాకిలి. ధర్మరాజు వైభవం చెప్పే సీసపద్యం ఒకటి మీ పంతులుగారు తప్పకుండా రాగం తీసి చదివి ఉంటారు, అందులో మొదటి పాదంలోనే 'వాకిట' ఉంటుంది. వాకిలి వాకిట అయినట్టే కౌగిలి కౌగిట, రోకలి రోకట, ఆకలి ఆకట అవుతాయి. అర్జునుణ్ని ఆకలిగొన్న సింహంతో పోల్చిన పద్యంలో 'ఆకటి' అని వచ్చేది ఈ ఆకలే.

ఇంకో వాయి మీ వంటింట్లో ఉంది. "కూర్చో, ఇంకో వాయి వేస్తున్నా" అంటూ ఇడ్లీ పాత్ర దగ్గర నిలబడ్డ ఆవిడ నోట్లో ఆ మాట ఆడుతుంటుంది. రోట్లో ఒక్కసారికి పట్టేంత పప్పు ఒక వాయి, పెనం మీద ఒక్కసారికి పట్టేంత అట్లు ఒక వాయి. రోటి నోటికి ఒకసారి అందించినంత అనే భావం నుంచే ఈ వాడుక వచ్చిందని నేననుకుంటాను.

*మా నాయనమ్మ పేరు లచ్చమ్మ. రేషన్ కార్డులోనూ అదే. మా అబ్బాయి స్కూలు ఫారంలో రాస్తే "లక్ష్మమ్మ అని సరిగ్గా రాయండి" అన్నారు. గుళ్లో మాత్రం పంతులుగారు పద్యంలోనే "లచ్చి" అని చదివారు. తిక్కన తప్పు రాశాడా, మేము తప్పు పిలిచామా?*
– గృహిణి, అల్లూరు మండలం

ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదమ్మా. ఉత్తర గోగ్రహణం ఘట్టంలో 'రాలచ్చి' అనే మాట వస్తుంది. రా అంటే రాజు, లచ్చి అంటే లక్ష్మి. రాజ్యలక్ష్మి అన్నమాట. సంస్కృతంలో లక్ష్మి, ప్రాకృతంలో లచ్ఛీ, తెలుగులో లచ్చి. ఇలా సంస్కృత, ప్రాకృతాల నుంచి వచ్చి మన నోటికి తగ్గట్టు నలిగిన మాటల్ని తద్భవాలంటారు. దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన కేతన, ఆంధ్రభాషాభూషణం పేరుతో తెలుగులోనే తెలుగుకు వ్యాకరణం రాశాడు. తత్సమాలనీ తద్భవాలనీ మాటల్ని వేరుచేసే పద్ధతి అంత పాతది. దాన్లో తద్భవం మోటుదనీ తత్సమం నాజూకైనదనీ మార్కులు వేయడం లేదు.

యాత్ర జాతర అయింది. ఆశ్చర్యం అచ్చెరువు, విష్ణువు వెన్నుడు, పుణ్యం పున్నెం, భక్తి బత్తి, అగ్ని అగ్గి అయ్యాయి. సింహం సింగం అయింది. నెల్లూరి పాత పేరు విక్రమసింహపురి, దాన్ని మనం గౌరవంగా సింహపురి అంటాం. అదే కోస్తాలో కాస్త ఉత్తరానికి పోతే సింగరాయకొండ. అక్కడి నరసింహస్వామికి సింగరాయడన్న పేరుతో ఏ లోటూ రాలేదు. పైన చెప్పిన ఆకలిగొన్న మృగాన్ని తిక్కన సింగమనే అన్నాడు, దాని వెంటనే బరువైన సంస్కృత సమాసం వేశాడు. రెండూ ఆయనకు సొంతమే. ఎక్కడ ఏది పలకాలో తెలిసిన చెవి అది. మీ నాయనమ్మ పేరు రేషన్ కార్డులో ఎలా ఉందో ఫారంలోనూ అలాగే రాయండి. రికార్డులకూ మంచిది, తెలుగుకూ మంచిది.

*నర్తనశాల సినిమాలో భీముడు వలలుడు. పిల్లలకు ఇంగ్లీషు పుస్తకంలో చూస్తే బల్లవుడు అని ఉంది. నకులుడి పేరు, సహదేవుడి పేరు కూడా తేడాగా ఉన్నాయి. ఏది సరి? ఈ పేర్లకు అర్థాలేమైనా ఉన్నాయా?*
– ఉపాధ్యాయిని, అల్లూరు

1963లో వచ్చిన నర్తనశాల తెలుగు భారతాన్ని అనుసరించింది, మీ ఇంగ్లీషు పుస్తకం సంస్కృత మూలాన్ని. మూలంలో భీముడు బల్లవుడు. ఆ మాటకు వంటవాడనీ గోపాలకుడనీ అర్థాలున్నాయి. దక్షిణానికి వచ్చేసరికి అది వలలుడయింది. కన్నడ భారతంలోనూ భీముడు వలలుడే. మాటలో అక్షరాలు చోటు మార్చుకోవడం లోకంలో మామూలే, పాత ప్రతులు నకలు చేసేవాళ్ల చేతుల్లో అది ఇంకా మామూలు.

ధర్మరాజు పేరు కంకుడు, మనం ఆప్యాయంగా కంకుభట్టు అన్నాం. కంకం అంటే కొంగజాతి పక్షి. దాని ఈకలు బాణాలకు కట్టేవాళ్లు కాబట్టి బాణానికి కంకపత్రమని పేరు. రొయ్యల గుంటల గట్ల మీద ఒంటికాలి జపం చేసే ఆ పక్షిని మీ పిల్లలకు చూపించి చెప్పండి, సన్యాసి వేషంలో జూదమాడే ధర్మరాజును మరచిపోరు.

అసలు సొగసు నకుల సహదేవుల పేర్లలో ఉంది. ఇద్దరూ తాళ్ల మనుషులే. మూలంలో నకులుడు గ్రంథికుడు, తెలుగులో దామగ్రంథి. దామం అంటే తాడు. యశోద కట్టిన తాడు పొట్ట మీద ఉన్నవాడు కాబట్టి కృష్ణుడు దామోదరుడు. గ్రంథి అంటే ముడి. గుర్రాలను కట్టేవాడికి సరిపోయిన పేరు. తాటాకులను కలిపి కట్టినది కాబట్టి పుస్తకాన్ని గ్రంథమన్నదీ ఈ ధాతువుతోనే. సహదేవుడు మూలంలో తంతిపాలుడు. ఒక పొడుగాటి తాడుకు చిన్న చిన్న తాళ్లు వేసి దూడలను వరసగా కట్టేస్తారే, ఆ పెద్ద తాడుకు సంస్కృతంలో తంతి అని పేరు. ఆవుల లెక్క చూసేవాడు తంతిపాలుడు కాక ఇంకేమవుతాడు? తెలుగులో తంత్రీపాలుడన్నారు. తంత్రి అనగానే వీణ తీగ గుర్తొచ్చి, సహదేవుడికి సంగీతం వచ్చా అని అడిగే పిల్లలుంటారు. రాదు, ఆ విద్య బృహన్నలది. ఆ తాడును మన రైతులు దామెన అంటారు. కొట్టాల్లో ఇప్పుడు ప్లాస్టిక్ తాళ్లొచ్చాయి గానీ, పెద్దవాళ్లను అడిగితే దామెన ఎలా పేనేవారో చెబుతారు.

అదే ఉత్తరంలో కీచకుడి గురించీ అడిగారు. కీచకం అంటే గాలి దూరితే మోగే బోలు వెదురు. కీచుమని అరుస్తాడు కాబట్టి కీచకుడని ఎవరో చెప్పారట, ఆ విరుపును నమ్మకండి. కీచు తెలుగు ధ్వన్యనుకరణం, కీచకం సంస్కృతం. ఒకేలా వినబడటం ఒక్కటే వాటికున్న చుట్టరికం. ఇప్పుడు పేపర్లలో "కీచక ఉపాధ్యాయుడు" అంటూ విశేషణంగా మారిపోయింది. పాపం, వెదురు చేసిన నేరమేమీ లేదు.

*కోపగించుకోవద్దు. తిక్కన అంటే తిక్క అన్న అని మా వాడొకడు నవ్వుతున్నాడు. వాడి నోరు మూయించే జవాబు కావాలి.*
– డిగ్రీ విద్యార్థి, అల్లూరు

'అన్న' వరకు మీవాడు చెప్పింది సరైనదే. ఎఱ్ఱన, కేతన, మారన, తిక్కన తండ్రి కొమ్మన, అందరి చివరా ఉన్నది ఆ అన్నే. నన్నయ చివర ఉన్నది అయ్య. తేడా ఆ తిక్కలోనే.

మనుమసిద్ధి తండ్రి పేరు తిక్కరాజు, నెల్లూరును ఏలిన తెలుగు చోడుడు. ఆయనకే గండగోపాలుడని బిరుదు. తమిళ శాసనాల్లో ఆయన తిరుక్కాళత్తి దేవుడుగా కనిపిస్తాడు. తిరుక్కాళత్తి అంటే మన శ్రీకాళహస్తి. తమిళులు పూర్తిగా తిరుక్కాళత్తి అని రాసుకున్న పేరునే మనవాళ్లు ముద్దుగా తిక్క చేశారు, వెంకటేశ్వర్లును వెంకి చేసినట్టు. రాజుకూ మంత్రికీ, మంత్రిగారి వంశంలోని ఖడ్గతిక్కనకూ ఒకే పేరుండటం చూస్తే ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో అదెంత వాడుకో తెలుస్తుంది. కాళహస్తి ఈశ్వరుడి పేరు పెట్టుకున్నవాణ్ని తిక్కవాడంటే పాపం ఎవరికి తగులుతుందో మీవాణ్నే అడగండి.

*నేను చెన్నైలో పని చేస్తాను. సెలవులకు అల్లూరు వచ్చి పురాణం విన్నాను. చుట్టం అంటే మా తమిళ మేనేజరు "అది మా సుట్రం" అన్నాడు. మాట కూడా వాళ్ల మాట్రమేనట. అయితే తిక్కనగారి అచ్చతెలుగంతా అరువు సరుకేనా?*
– ప్రైవేటు ఉద్యోగి, చెన్నై

అరువు ఎటునుంచీ లేదు. రెండూ ఒక తల్లి పిల్లలు. తల్లి దగ్గర ఉన్న ధ్వనిని ఒక్కొక్కరు ఒక్కోలా మార్చుకున్నారు. ఆ మార్పు ఇష్టం వచ్చినట్టు జరగలేదు, ఒక వరుసలో జరిగింది. తమిళంలో రెండు బండి ఱ-లు కలిసి 'ట్ర'గా పలికేచోట తెలుగులో 'ట్ట', ఒక్కోసారి 'ట' వస్తుంది. సుట్రం, చుట్టం. పుట్రు, పుట్ట. పట్రు, పట్టు. మాట్రం, మాట. చుట్టూ ఉండేవాళ్లు కాబట్టి చుట్టాలు, ఇది రెండు భాషల్లోనూ ఒకటే ఊహ.

ఇంకో వరుస చూడండి. తమిళంలో నాలుక మడిచి పలికే ఒక ళ-కారముంది. వాళ్ల 'తమిళ్' చివర ఉండేది అదే. ఆ అక్షరం ఒకప్పుడు తెలుగుకూ ఉండేది. కడప జిల్లాలో దొరికిన రేనాటి చోళుల శాసనాల్లో కనిపిస్తుంది. నన్నయ కాలానికే మన భాషలోంచి జారిపోయింది. జారిపోతూ చాలాచోట్ల 'డ'కు చోటిచ్చింది. వాళ్ల ఏళు మనకు ఏడు. వాళ్ల కోళి మన కోడి. వాళ్లు ఊళియం చేస్తే మనం ఊడిగం చేస్తాం. వాళ్లు చోళులు, మనవాళ్లు తెలుగు చోడులు. మనుమసిద్ధి వంశం పేరులోనే ఈ పాఠం ఉంది.

ఆ అక్షరం హల్లు పక్కన చేరినచోట 'ర' అయింది. వాళ్ల పొళుదు మనకు ప్రొద్దు, కీళ్ మనకు క్రింద. దీనికి తోడు తెలుగుకు ఇంకో అలవాటు: మాట మొదట్లో ఉన్న అచ్చును లోపలికి నెట్టేయడం. మరం మ్రాను అయింది, విరల్ వ్రేలు అయింది, ఉరల్ రోలు, ఇరండు రెండు. అటు తమిళం నుంచి చూస్తే మన మాటలు తలకిందులుగా కనిపించేది ఇందుకే. తిక్కన కాలంలో ప్రొద్దు, క్రొత్త, ప్రాత, మ్రాను అంటూ ఆ రేఫ గట్టిగా ఉండేది. తర్వాత అదీ పోయి పొద్దు, కొత్త, పాత, మాను మిగిలాయి. పురాణం చెప్పేవాళ్లు ప్రొద్దు అంటే మీకు సంస్కృతంలా వినిపించి ఉంటుంది. అది నూటికి నూరుపాళ్లు దేశి మాటే. మీ మేనేజరుగారికి ఏళు–ఏడు, కోళి–కోడి చెప్పి, మూడోది ఆయన్నే చెప్పమనండి. ఇలాంటివి కలిసి వెతుక్కోవడంలో ఉన్న ఆనందం ఎవరిది ముందు అని తగువులాడటంలో లేదు.

*కొలువు అంటే ఉద్యోగమా, బొమ్మల కొలువా? రెండిటికీ ఒకే మాటేమిటి?*
– పోటీ పరీక్షలకు చదువుతున్న యువకుడు, అల్లూరు

'కొలుచు' అంటే సేవించడం. దేవుణ్ని కొలుస్తాం, రాజును కొలిచేవారు. రాజు కొలిపించుకుంటూ కూర్చున్న సభ కొలువు. ఆ సభలో చేసే సేవా కొలువే. బొమ్మలు మెట్ల మీద వరుసగా కూర్చుంటే అది బొమ్మల సభ. తిరుమలలో తోమాలసేవ తర్వాత స్వామికి జరిగేది కొలువే. కొత్త మంత్రివర్గం "కొలువుదీరింది" అన్నప్పుడు సభ అర్థం, "కొలువుల జాతర" అన్నప్పుడు మీరు ఎదురుచూసే ఉద్యోగం అర్థం. వడ్లు కొలవడంలో ఉన్న కొలుచు వేరు. రూపం ఒకటే అయినా దాని పని కొలత. 850 కిలోలను ఒక పుట్టిగా లెక్కగట్టే మీ నెల్లూరు రైతుకు ఆ కొలుచు బాగా తెలుసు.

విరాటపర్వంలో మీలాంటివాళ్లు తప్పక చదవాల్సిన భాగం ఒకటుంది. అజ్ఞాతవాసానికి బయలుదేరేముందు ధౌమ్యుడు పాండవులకు కొలువులో ఎలా మసలాలో చెబుతాడు. రాజు ఎదుట ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు మాట్లాడాలి, అంతఃపురం వాళ్లతో ఎంత దూరంగా ఉండాలి, అన్నీ. తిక్కన కలం అక్కడ ప్రత్యేకంగా పదునెక్కుతుంది. సొంత ఉద్యోగ జీవితం ఆయనకు అక్కడ అక్కరకొచ్చినట్టుంది. రాజ్యం పోగొట్టుకున్న మనుమసిద్ధి కోసం ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి కొలువులో నిలబడ్డాడని కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్ర చెబుతోంది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఆ పద్యాలు చదువుకోండి. కోచింగ్ సెంటర్ మెటీరియల్ కన్నా తక్కువేం కాదు.

*మా వైపు వరిమడిని కయ్య అంటాం. యుద్ధాన్ని కయ్యం అంటారు. మడి దగ్గర తగాదాల వల్లే ఆ మాట పుట్టిందని మా మామ అంటాడు.*
– రైతు, అల్లూరు మండలం

మీ మామగారి అనుభవాన్ని కాదనలేను. గెనిమ ఒక జానెడు జరిగితే ఎన్ని కయ్యాలయ్యాయో మీకు నాకంటే బాగా తెలుసు. కానీ మాటలు మాత్రం వేరు. కయ్య నేల మాట. నెల్లూరు, రాయలసీమల్లో బాగా వాడుక. కయ్యం తెలుగునేలంతటా ఉంది, కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ ఉండాలన్న సామెత ఎరగనివారు లేరు. కోస్తాలో పైకి పోతే మీ కయ్య మడి అవుతుంది, మీ గెనిమ గట్టు అవుతుంది. కయ్యం అక్కడా కయ్యమే. రెండు మాటలకు ఒకే పుట్టుక అయితే ఒకటి ఒక ప్రాంతానికే అతుక్కుపోయి, రెండోది అంతటా ఉండటానికి కారణం చూపాలి. మామగారి దగ్గర ఆ కారణం లేదు.

ఇక చిన్నవి.

గోగ్రహణం అంటే ఆవులకు పట్టిన గ్రహణమా అని అడిగారు ఒకరు. గ్రహణమంటే పట్టుకోవడం. రాహువు సూర్యుణ్ని పట్టుకుంటే సూర్యగ్రహణం, కౌరవులు ఆవులను పట్టుకుపోతే గోగ్రహణం. దక్షిణాన సుశర్మ, ఉత్తరాన దుర్యోధనుడి సేన.

ఉత్తరకుమార ప్రగల్భాల మీద ఇద్దరు రాశారు. సంస్కృతంలో ప్రగల్భుడంటే ధైర్యం, నేర్పు ఉన్నవాడు, మెచ్చుకోలు మాటే. తెలుగులో దాన్ని గొప్పలు చెప్పుకోవడంగా దిగజార్చిన ఘనతలో ఉత్తరుడికీ కొంత వాటా ఉందని నా అనుమానం.

అల్లూరు పేరులో అల్లుడున్నాడా, అల్లిపువ్వుందా అని వాదించుకుంటూ రాసిన ఉమ్మడి ఉత్తరానికి: పేరును ఇప్పటి రూపం పట్టుకుని విరిస్తే ఎవరికి నచ్చింది వాళ్లకు దొరుకుతుంది. నెల్లూరుకే రెండు కథలున్నాయి. నెల్లు అంటే తమిళంలో వడ్లు కాబట్టి వడ్ల ఊరని ఒకటి, నెల్లి అంటే ఉసిరి కాబట్టి మూలస్థానేశ్వరుడు ఉసిరిచెట్టు కింద వెలిశాడని ఇంకొకటి. ఊరిపేరు తేలాలంటే పాత శాసనంలో, పాత దస్తావేజులో అది ఎలా రాసి ఉందో చూడాలి. మీ గుడి గోడల మీద, పొలం గట్టున పడి ఉన్న రాళ్ల మీద రాత కనిపిస్తే సున్నం కొట్టకండి, సిమెంటు పూయకండి. ఫోటో తీసి పురావస్తు శాఖకు చూపించండి.

వచ్చే సంచికకు మీ వైపు మాటలు పంపండి. ఇసకపల్లి ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ల మాటలైతే మరీ సంతోషం. అయితే ఒట్టి మాట పంపకండి. ఎవరు, ఏ పని చేస్తూ, ఏ వాక్యంలో అన్నారో రాయండి. "మా అమ్మ ఇలా అంటుంది" అని రాస్తే చాలు, దాని అర్థం వెతకడం నా వంతు.